పొంతన కుదిరిన పేజీ

...అయినా అబద్ధం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంటే ఎవరు చూపిస్తారు? పేజీలో ఇప్పుడు ఒక్క ముక్క తప్పు లేదు. పైన వివరణ, కింద ఉదాహరణ, రెండూ ఒకే మాట మీదున్నాయి. ఇంతకాలం కాళ్ళావేళ్ళా పడి అడిగింది ఇదే. అడిగింది చేతికొచ్చాక గొంతులో ముల్లు దిగినట్టుంటే, తప్పు ముల్లుదా గొంతుదా?

ఆమె పేజీని తెర మీద పైకి జరిపింది, కిందికి జరిపింది. భోజనాల వేళ దాటిపోయింది. పక్క బల్ల మీద ఎవరో సగం తాగి వదిలేసిన కప్పులో టీ మీద మీగడ కట్టింది. గాజు గోడ అవతల ఇంజినీర్లు కుర్చీల్లో అటూ ఇటూ తిరుగుతూ ఏదో అనుకుని నవ్వుతున్నారు. తన గురించి కాదు. తన గురించి నవ్వేంత తీరిక వాళ్ళకెప్పుడూ లేదు.

ఆమె చేసే పనేమిటో చుట్టాలకి చెప్పడం కష్టం. "కంప్యూటర్ కంపెనీలో రాస్తుంటాను" అంటే "ఏం రాస్తావు, కథలా?" అనేవాళ్ళు. కథలైతే ఎంత బాగుండు అనుకునేది. కథలో కోపగించుకున్నవాడు చివరికైనా తలుపు తీస్తాడు.

మంచం దిగలేని రోగుల ఇళ్ళకి నర్సుల్ని పంపే సంస్థలుంటాయి. ఏ నర్సు ఏ వేళకి ఏ ఇంటికి వెళ్ళాలో చూసుకునే సాఫ్ట్‌వేర్ ఆమె కంపెనీది. ఆ సంస్థల ప్రోగ్రాములు ఈ సాఫ్ట్‌వేర్‌తో మాట్లాడాలంటే ఏది ఎలా అడగాలో, ఏ జవాబొస్తే దానికి అర్థమేమిటో ఎవరో ఒకరు రాసిపెట్టాలి. ఏపీఐ డాక్యుమెంటేషన్ అంటారు. ఆ రాసేది ఆమె.

ప్రతి పేజీలోనూ పైన మామూలు భాషలో వివరణ ఉంటుంది. కింద కోడ్ ఉదాహరణ, ఉన్నదున్నట్టు ఎత్తి తమ ప్రోగ్రాములో పెట్టుకోడానికి వీలుగా. పైభాగం ఆమెది. కిందిభాగం ఆమెది కాదు. అది ఇంజినీర్ల ఫోల్డర్లోంచి దానంతటదే వచ్చి పేజీలో కూర్చుంటుంది. దాన్లో చుక్క మార్చాలన్నా ఒక ఇంజినీరు సరేననాలి. ఇల్లొకటే, పొయ్యిలు రెండు. కోడ్ మారినప్పుడల్లా ఆమె పరుగున వెళ్ళి పైభాగం మార్చేది. కిందిభాగం సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. దాంతో పేజీలు తమతో తామే తగవులాడుకుంటూ ఉండేవి.

చదివేవాళ్ళు పైభాగం చదివితే బాధ లేదు. చదవరు. నేరుగా కిందికి పోయి, ఉదాహరణ ఎత్తుకుని, వెనక్కి చూడకుండా పోతారు.

"నువ్వు రాసేవి అత్తగారి సుద్దులు," అన్నాడొకసారి తుఫాను. "అందరూ తలూపుతారు. ఎవరూ చెవిన పెట్టరు."

తుఫాను అన్నది అతని అసలు పేరేం కాదు. ఏ పనైనా ఉన్నపళాన ముగించేసి, వెనకాల ఏం కూలిందో చూడకుండా ఇంకో పని మీదకి పోతాడని ఆఫీసులో పెట్టిన పేరు. నర్సు పని రద్దు చేసే కోడ్ రాసింది అతనే.

తగవులాడే పేజీల్లో అన్నిటికంటే చెడ్డది ఆ రద్దు పేజీ. ఫలానా నర్సు ఫలానా ఇంటికి వెళ్ళే పని రద్దు చెయ్యమని అడిగితే, ఒకప్పుడు 'సరే' అని జవాబొచ్చేది. సరే అంటే రద్దయిపోయినట్టే. తర్వాత తుఫాను దాన్ని మార్చాడు. ఇప్పుడు సరే అంటే మీ మాట చెవిన పడింది అని మాత్రమే. రద్దు కాసేపాగి జరుగుతుంది. జరిగిందో లేదో మళ్ళీ అడిగి తెలుసుకోవాలి. ఆమె ఆ సంగతి పైభాగంలో శుభ్రంగా రాసింది. 'సరే అన్న జవాబుని జరిగిపోయిన పనిగా తీసుకోకండి.' ఆ వాక్యమంటే ఆమెకి లోలోపల కాస్త మోజు కూడా.

కింద ఉదాహరణ మాత్రం పాత పాటే పాడేది. 'సరే' రాగానే ఆ నర్సు బదులు ఇంకో నర్సుని పెట్టి చేతులు దులిపేసుకునేది. పాతది ఇంకా రద్దు కాలేదు గనక, ఒకే వేళకి ఒకే ఇంటికి ఇద్దరు కుదరరని సాఫ్ట్‌వేర్ కొత్త నర్సుని తోసిపుచ్చేది, చడీచప్పుడు లేకుండా. కాసేపటికి పాతదీ రద్దయిపోయేది. ఇక ఆ ఇంటికి ఎవరూ రారు.

ఉదాహరణ మార్చమని ఆమె ఇంజినీర్ల పనుల జాబితాలో టికెట్ పెట్టింది. ప్రతి సోమవారం దాన్ని పై వారానికి తోసేవాళ్ళు. తోసి తోసి చివరికి ఎవరూ తెరవని జాబితాలో పడేశారు. ఆ జాబితాని ఆఫీసులో అటక అంటారు. రద్దు పేజీ అటకెక్కింది. ఆమె మళ్ళీ అడిగింది, ఇంకోసారి అడిగింది, తర్వాత మానేసింది. మానేశాక మనసు తేలికపడిందని కూడా ఆమెకి తెలుసు. రోజూ నొప్పి పెట్టే పన్ను ఒక పొద్దున నొప్పెట్టకపోతే, అది నయమైందా చచ్చిపోయిందా అని ఎవరు ఆరా తీస్తారు?

ఇవాళ పొద్దున శాంతమూర్తి పిలిచాడు.

శాంతమూర్తి వాళ్ళ మేనేజరు. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. వార్త ఎంత చెడ్డదైతే గొంతు అంత మెత్తబడుతుంది. ఇవాళ దాదాపు వినపడలేదు.

"తలుపు కొంచెం వేస్తారా, అమ్మా."

వేసింది.

"మన దగ్గర కొన్న సంస్థ ఒకదానిలో చిన్న ఇబ్బంది వచ్చింది." సంస్థ పేరు చెప్పాడు. "ఒక పెద్దాయన, ఒంటరివాడు. షుగరు. పాదానికి పుండు, రోజూ కట్టు మార్చాలి. వచ్చే నర్సుకి ఒంట్లో బాగోక వేరే నర్సుకి మార్చారు. ఆ మారిన నర్సు ప్రోగ్రాములోకి ఎక్కనే లేదు. కొన్నాళ్ళు ఎవరూ వెళ్ళలేదు. ఆయనా ఫోన్ చెయ్యలేదు పాపం, ఎవరినీ ఇబ్బంది పెట్టే రకం కాదట."

"ఇప్పుడెలా ఉన్నారు?"

"ఉన్నారు." ఆయన బల్ల మీది కలాన్ని సరిగ్గా కాగితాల అంచుకి సర్దాడు. "కాలు తీసేశారు. మోకాలి కింద."

అప్పుడు, సరిగ్గా ఆ క్షణంలో, ఆమె లోపల ఏదో తల ఎగరేసింది. చెప్పానా లేదా! నేను రాసింది ఒక్కడు చదివుంటే! కాలు పోయిన మనిషి ముందు నిలబడి తన వాక్యాన్ని మెడలో దండలా వేసుకుంటున్న ఆ ఆడమనిషిని ఆమె తనలోనే చూసింది. చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది.

"వాళ్ళ ప్రోగ్రామరు రద్దు దగ్గర పొరబడ్డాడంటున్నారు," అన్నాడు శాంతమూర్తి.

"మన ఎగ్జాంపుల్ చూసే రాసుంటాడు సార్."

"దేన్ని చూసి రాశాడో మనకెలా తెలుస్తుందమ్మా?"

"పేజీలో ఉన్నదే అది కదా."

"ఉంది. అందుకే మార్చమంటున్నాను. మీరే ఎప్పట్నించో మొత్తుకుంటున్నారుగా. తప్పని తెలిశాక కూడా ఉంచుదామా? రేపు ఇంకో ఇంట్లో ఇంకెవరికో ఇలాగే అయితే?"

ఆ మాటల్లోని గొప్ప అదే. ప్రతి ముక్కా న్యాయమే.

"అయితే కింద ఒక ముక్క రాస్తాను సార్. ఫలానా తేదీ దాకా ఈ ఎగ్జాంపుల్ తప్పు, దీన్ని వాడినవాళ్ళు సరిచూసుకోండి, అని."

"ఎందుకు అందర్నీ కంగారుపెట్టడం? సపోర్టు వాళ్ళు ఫోన్లు చేసి చెప్తార్లెండి, అవసరమైనవాళ్ళకి." ఆయన నవ్వాడు, దయగా. "మీ కోరికే తీరుతోంది కదమ్మా. పైనా కిందా పొంతన కుదరాలన్నది."

ఏడాదిగా దొరకని ఆమోదం టీ చల్లారేలోపు వచ్చింది. తుఫాను తన కుర్చీలోంచి లేవకుండానే బొటనవేలు పైకెత్తి చూపించాడు.

"పంతం నెగ్గించుకున్నావుగా తల్లీ! పార్టీ ఎప్పుడు?"

"నీకు తెలుసా ఏం జరిగిందో?"

"తెలుసు." బొటనవేలు దించాడు. కొంచెంసేపు ఆమె వైపే చూసి, కళ్ళు తెర మీదకి తిప్పుకున్నాడు. "ఎందుకు గుర్తు చేస్తావు?"

ఆమె సరిచేసిన ఉదాహరణ ఎక్కించి బటన్ నొక్కింది. పాత ఉదాహరణ పోయింది. కొత్తది వచ్చి, పుట్టినప్పట్నించీ అక్కడే ఉన్నట్టు కూర్చుంది. ఈ పేజీలు కొనుక్కున్న సంస్థలకి తప్ప బయటివాళ్ళకి కనపడవు. పాత రూపం ఇంకెక్కడా దొరకదు, కంపెనీ లోపల తప్ప.

ఇదంతా పొద్దుటి మాట. ఇప్పుడామె దాని ముందే కూర్చుని ఉంది, మందు వేసుకున్నా నొప్పి పోని మనిషిలా. ఫోను మోగింది.

తెర మీద 'కామా' అని పడింది. ఇన్నేళ్ళలో ఆమె పేజీల గురించి ఆమెకి ఉత్తరం రాసిన మనిషి ఒక్కడే. ఏదో పేజీలో ఉదాహరణలో కామా ఒకటి తప్పిపోయిందని రాశాడు. ఆమె పొంగిపోయి ధన్యవాదాలు చెప్పి, అవసరమైతే చెయ్యండని నంబరిచ్చింది. అతను పనిచేసేది ఎక్కడో అప్పుడే తెలుసు. పొద్దున శాంతమూర్తి సంస్థ పేరు చెప్పగానే గుర్తొచ్చింది కూడా. గుర్తు రానట్టు ఉండిపోయింది.

"మేడమ్, గుర్తున్నానా? కామా."

"గుర్తున్నారండీ."

"ఒక్క నిమిషం. మీ రద్దు పేజీ ఇవాళ చూశాను. ఎగ్జాంపుల్లో 'సరే' వచ్చాక మళ్ళీ అడిగి కనుక్కునే లైన్లున్నాయి."

"ఉన్నాయండీ."

"నేను రాసేటప్పుడు అవి లేవు. లేవనే నాకు గుర్తు. మీ పేజీలోంచి ఉన్నదున్నట్టు ఎత్తిపెట్టాను, ఒక్క లైను నా సొంతం కాదు. అదే మా వాళ్ళకి చూపిద్దామని అందరి ముందూ పేజీ తెరిస్తే, ఇదుగో, ఇలా ఉంది. మా బాసు నవ్వాడు. కల్లోగాని కాపీ కొట్టావా బాబూ, అన్నాడు."

ఆమె ఆ లైన్ల దాకా పేజీని కిందికి జరిపింది.

"ఉద్యోగం కోసం కాదండీ. అది అయిపోయింది. సామాను సర్దుకుని బయట బస్‌స్టాపులో కూర్చున్నాను. మీరేం చెప్పినా వెనక్కి తీసుకోరు. ఆ పెద్దాయన కాలూ రాదు. నాకొక్కటే తెలియాలి. ఆ లైన్లు మొదట్నించీ ఉన్నాయా? ఉంటే, చూసి కూడా వదిలేసి, తర్వాత లేవని నాకు నేనే కల్పించుకున్నానన్నమాట. మనుషులకి అలా అవుతుందట కదా. మా ఆవిడా అదే అంటోంది, పాపం, ఓదార్చడానికి. ఇందాక నుంచీ నాకేదీ నమ్మబుద్ధి కావట్లేదు మేడమ్. ఇక్కడికి ఏ దారిన వచ్చానో కూడా సరిగ్గా చెప్పలేను."

"పైన రాసింది చదివారా?" అంది ఆమె.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలియడానికి కొంతసేపు పట్టింది. అవతల బస్సు ఒకటి ఆగి, తలుపు తెరుచుకుని, మూసుకుని వెళ్ళిపోయింది.

"లేదండీ," అన్నాడతను. "పైన... ఎవరు చదువుతారు?"

ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగాడు. అందుకే సూటిగా తగిలింది.

"చూసి చెప్తాను," అంది.

"ఎప్పుడండీ?"

"చూసి చెప్తానండీ," అని పెట్టేసింది. చూడ్డానికి ఏముంది?

ఇంటికొచ్చేసరికి అక్క వంటింట్లో బల్ల ముందు కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. అక్కాచెల్లెళ్ళిద్దరే ఉంటారు. బావ పోయాక అక్క ఆమె దగ్గరికి వచ్చిందో, ఆమే అక్క పంచన చేరిందో, అద్దె చెరిసగం గనక తేల్చుకోవలసిన పని పడలేదు.

"వచ్చావా? మొహమేంటే అలా ఉంది, తడిసిన అట్టపెట్టెలా?"

"అక్కా, మన పాతింట్లో స్నానాలగది స్విచ్ లోపలుండేదా, బయటుండేదా?"

అక్క చెయ్యి ఆగలేదు. "మళ్ళీ మొదలెట్టావూ? ఆఫీసులో ఎవరైనా ఏమన్నా అంటే చాలు, ఆ స్నానాలగది తలుపు తీస్తావు."

"లోపలా, బయటా?"

"లోపలేనే. స్నానాలగదికి బయట ఎవరు పెడతారు స్విచ్?"

ఆమెకి బయటే గుర్తు. తలుపుకి బయట గొళ్ళెం, దాని పక్కన నల్ల స్విచ్. నాన్నకి కోపమొస్తే ముందు గొళ్ళెం చప్పుడు, తర్వాత టక్కుమని చీకటి. చేతులు చాపితే తడిగోడ. ఎంతసేపో తెలియదు. ఆ ఇల్లు పడగొట్టేసి ఎప్పుడో వేరే కట్టారు. నాన్న పోయాడు, అమ్మ అంతకు ముందే పోయింది. ఇక మిగిలిన సాక్షి ఈ బీన్స్ ఒలిచే మనిషి. ఆమె ఎప్పుడడిగినా అక్క లేదనే అంటుంది, ప్రేమగా, తల నిమిరి. ఒకసారి తలుపు గాలికి బిగుసుకుందంది. ఒకసారి అది నువ్వు కాదే, పిన్ని కూతురంది. ప్రతిసారీ కథ మారుతుంది, ప్రతి కథా దానికదే అతికినట్టుంటుంది. వినీ వినీ ఆమెకి ఇప్పుడు ఏ జ్ఞాపకం తలెత్తినా వెనకే ఇంకో గొంతు లేస్తుంది: నిజంగానా? స్టవ్ కట్టేసిందా, నిజంగానా. ఆ మనిషి ఆ మాటన్నాడా, నిజంగానా. ఈ ఉద్యోగంలోకి ఎందుకొచ్చావని అడిగినవాళ్ళకి జీతం కోసమంటుంది. అదీ నిజమే అయ్యుంటుంది.

"నీకప్పుడు జ్వరం," అంది అక్క. "ఒకటే కలవరింతలు. నాన్న రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాడు. ఆ సంగతి మాత్రం గుర్తుండదు మహారాణిగారికి."

జ్వరం కొత్తది. ఇంతకు ముందెప్పుడూ జ్వరం రాలేదు.

"అక్కా, ఒక్కసారి చెప్పవే. నేనేం గొడవ చెయ్యను."

అక్క ఈనెలన్నీ పోగు చేసి కాగితంలో చుట్టింది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"సరే. జరిగిందే అనుకో. నాన్నే గొళ్ళెం పెట్టాడు, దీపం తీసేశాడు, నేను ఇవతల నిలబడి నీ ఏడుపు వింటూ చెవులు మూసుకున్నాను. అనుకో. ఇప్పుడా మాట నా నోటితో అంటే నీకేమొస్తుందే? పోయినాయన లేచొచ్చి నీ కాళ్ళు పట్టుకుంటాడా?"

"నువ్వు ఇవతల ఉన్నావా?"

"అనుకో అన్నాను కదే." అక్క లేచి కుళాయి తిప్పింది. నీళ్ళ చప్పుడు కావలసినదానికంటే పెద్దగా ఉంది. "వెళ్ళి బట్టలు మార్చుకో. ఆకలేస్తుంటే ముందు ఏదన్నా తిను."

ఆమె అక్క వీపు వైపు చూస్తూ నిలబడింది. పలచబడ్డ జుట్టు, ఒకవైపు వంగిన భుజం. ఈ మనిషి ఇక ఎప్పటికీ చెప్పదు. మంచిది కాక కాదు. చెవులు మూసుకున్న పిల్లని, అప్పటి తనని, అక్కడ ఒంటరిగా వదిలి రాలేక. ఆ పిల్లని కాపాడుకోడానికి చెల్లెలి కళ్ళముందున్న స్విచ్‌ని బయట్నించి లోపలికి మార్చింది, అంతే. దానికి కోపం తెచ్చుకుందామంటే కోపం కూడా రాలేదు. ఖాళీగా ఉంది.

నీకేమొస్తుందే, అంది అక్క. నిజమే, ఏమొస్తుంది? ఆమె తన లోపల చెయ్యిపెట్టి వెతికింది. ఏమీ రాదు. చీకటి చీకటిగానే ఉంటుంది. వెనకనించి అడిగే ఆ గొంతు ఇక అడగదని కూడా నమ్మకం లేదు, అది అక్కడ కాపరం పెట్టి చాలా కాలమైంది. ఇక ఆ బస్‌స్టాపులో కూర్చున్నతనికేమొస్తుంది? ఉద్యోగం రాదు. మొదటి నెల జాలిపడ్డ వాళ్ళావిడ రెండో నెల పడదు. తను చెబితే అతను ఆ మాట పట్టుకుని లాయరు దగ్గరికి పోవచ్చు, పోకపోవచ్చు. రేపు శాంతమూర్తి గొంతు అసలు వినపడకపోవచ్చు. రేపు తుఫాను ఇంకేదో మారుస్తాడు, ఇంకో పేజీ తగవులాడుతుంది, ఇంకెవరో కిందిభాగం ఎత్తుకుపోతారు. ఎక్కడో ఎవరినీ ఇబ్బంది పెట్టని మనిషి తలుపు వైపు చూస్తూ కూర్చుంటాడు. దీన్లో ఒక్కటీ ఆగదు.

ఫోను తీసింది. వేలు పేరు మీద ఆగింది. అక్క కుళాయి కట్టింది.

"ఎవరికే?" అంది అక్క వెనక్కి తిరక్కుండా.

ఆమె నొక్కింది. మొదటి రింగు పూర్తి కాకుండానే అతనెత్తాడు. ఊపిరి మాత్రం వినపడుతోంది.

"లేవండీ," అంది ఆమె. "మీరు సరిగ్గానే చూశారు. ఆ లైన్లు అప్పుడు లేవు. ఇవాళ పొద్దున నేనే పెట్టాను."